తెలిసిన దోషం – తాత్కాలికోపాయం

పాఠ్యభాగ పరిచయం

ఎంత నేర్పుతో నిర్మించిన యంత్రమైనా దోషరహితం కాదు. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. దోషం బయటపడిన నాటికీ, దానిని పూర్తిగా సరిదిద్దిన నాటికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పని ఆగకుండా సాగడానికి నిపుణులు చెప్పే ఉపాయం ఎలా ఉండాలో, దానిని ఉపేక్షిస్తే ఏమవుతుందో కొన్ని వాస్తవ సంఘటనల ఆధారంగా ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కావ్య లక్షణాలను నిర్ణయించిన ఆలంకారికులు గుణాలను, అలంకారాలను వివరించి ఊరుకోలేదు. దోషాలకు కూడా ప్రత్యేకంగా ఒక ప్రకరణాన్ని కేటాయించారు. ఓరుగల్లు ప్రభువు ప్రతాపరుద్రుని ఆశ్రయంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయంలోనూ దోష ప్రకరణం ఉంది. దోషాన్ని పేరుపెట్టి గుర్తించగలిగినవాడే దానిని పరిహరించగలడు. ఆలంకారికులు మరొక సూక్ష్మాన్ని కూడా గ్రహించారు. కొన్ని దోషాలు ఎక్కడ ఉన్నా దోషాలే. కొన్ని మాత్రం సందర్భాన్ని బట్టి దోషాలవుతాయి. పరుషాక్షరాల కూర్పు శృంగారంలో చెవికి ములుకై తగులుతుంది. రౌద్రంలో అదే రసపోషకమవుతుంది. మొదటివి నిత్యదోషాలు, రెండవవి అనిత్యదోషాలు.

కంప్యూటరు ప్రోగ్రాములలోని తప్పులను కూడా ఇంచుమించు ఈ విధంగానే విభజించవచ్చు. వ్రాతలో దొర్లిన తప్పులు ప్రోగ్రామును సిద్ధం చేసే దశలోనే పట్టుబడతాయి. మరికొన్ని తప్పులు అలా దొరకవు. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు, అదీ కొన్ని ప్రత్యేక పరిస్థితులు కూడివచ్చినప్పుడు మాత్రమే అవి బయటపడతాయి. వీటిని రన్‌టైమ్ దోషాలు అంటారు. పరీక్షా సమయంలో నిద్రించి, పని ఒత్తిడిలో మేల్కొనడం వీటి స్వభావం.

దోషాల జాబితా

యంత్రభాగాలకూ, మనుషులు వాడుకునే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి, ఏ ప్రోగ్రాముకు ఎంత సమయం, ఎంత మెమరీ, ఏ పరికరం ఇవ్వాలో నిర్ణయించే మూల వ్యవస్థ ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, యూనిక్స్, లినక్స్ ఈ కోవకు చెందినవి. లక్షల పంక్తులతో, కొన్ని సందర్భాలలో కోట్ల పంక్తులతో కూడిన ఇటువంటి రచనలో తప్పు లేకుండా ఉండడం అసాధ్యం. అందువల్ల నిర్మాతలు కొత్త ప్రతిని విడుదల చేసేటప్పుడు దానితో పాటు తెలిసిన సమస్యల జాబితాను కూడా ప్రకటిస్తారు. సమస్య ఏ పరిస్థితిలో తలెత్తుతుంది, ఏ లక్షణాలతో కనబడుతుంది, సరిదిద్దిన ప్రతి వచ్చేవరకు ఏమి చేయాలి అనే మూడు విషయాలు అందులో ఉంటాయి. ఈ మూడవదే తాత్కాలికోపాయం.

రోడ్డు మీద కల్వర్టు కూలినప్పుడు పక్కన మట్టిబాట వేసి రాకపోకలను సాగనిస్తారు. తాత్కాలికోపాయం అటువంటి మట్టిబాట. దాని అవసరాన్ని ఎవరూ కాదనరు. అయితే మలుపు దగ్గర బోర్డు లేకపోతే రాత్రివేళ వచ్చే వాహనం కూలిన కల్వర్టులోకే పోతుంది. బాట ఉన్నది కదా అని కల్వర్టును కట్టడం మానేస్తే, తొలి వర్షానికే బాట కొట్టుకుపోతుంది. ఈ రెండు ప్రమాదాలూ కంప్యూటర్ల చరిత్రలో నిజంగానే సంభవించాయి.

నిండిన లెక్క

మోటారు సైకిలులో కిలోమీటర్లను చూపే పాతకాలపు మీటరుకు ఐదు అంకెలే ఉన్నాయనుకుందాం. 99999 తరువాత అది మళ్ళీ 00000కు వస్తుంది. బండి మాత్రం కొత్తది కాలేదు; మీటరులో చోటు చాలలేదు. కంప్యూటరు కూడా లెక్కలను పరిమితమైన గడులలోనే దాచుకుంటుంది. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని ఉంటుంది. ఇటువంటి గడిని బిట్ అంటారు. 32 బిట్లలో 0 నుండి 4,29,49,67,295 వరకు లెక్కించవచ్చు. ఆ పైన లెక్క తిరిగి సున్నాకు చేరుతుంది.

మైక్రోసాఫ్ట్ సంస్థ 1995లో విడుదల చేసిన విండోస్ 95లో, యంత్రాన్ని ఆన్ చేసినప్పటి నుండి గడచిన కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కించే ఒక గణకం ఉండేది. సెకనులో వెయ్యోవంతు మిల్లీసెకను. 32 బిట్లు నిండడానికి 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు పడుతుంది. కంప్యూటరును ఆపకుండా అన్ని రోజులు నడిపితే అది స్తంభించిపోయే అవకాశం ఉండేది. విండోస్ 98లో కూడా ఈ దోషం కొనసాగింది. 1999లో మైక్రోసాఫ్ట్ దీనికి సవరణను విడుదల చేసింది. ఇంత సూటిదైన దోషం సంవత్సరాల తరబడి మరుగున ఉండడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు. ఇళ్ళలో, ఆఫీసులలో కంప్యూటర్లను సాయంత్రం ఆపి ఉదయం ఆన్ చేసేవారు. ఆ ప్రతిసారీ లెక్క సున్నా నుండి మొదలయ్యేది. ఎవరూ చెప్పకుండానే అందరూ తాత్కాలికోపాయాన్ని పాటించారన్నమాట. ఆపకుండా నడవవలసిన యంత్రాల విషయం వేరు.

మరచిన కర్తవ్యం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పామ్‌డేల్ అనే పట్టణం ఉంది. లాస్ ఏంజలిస్ పరిసరాలలోని విశాలమైన గగనతలంలో ఎగిరే విమానాలకు అక్కడి కేంద్రం నుండి మార్గనిర్దేశం చేస్తారు. నియంత్రణాధికారులు విమాన చోదకులతో మాట్లాడడానికి ఉపయోగపడే రేడియో వ్యవస్థను విండోస్ ఆధారిత సర్వర్లు నడిపేవి. ఆ వ్యవస్థలోనూ ఇదే 49.7 రోజుల గడువు ఇమిడి ఉంది. గడువు నిండితే వ్యవస్థ తనంతట తానే ఆగిపోతుంది. ఈ సంగతి సంబంధిత అధికారులకు ముందే తెలుసు. అందుకే 30 రోజులకు ఒకసారి సర్వరును ఆపి తిరిగి ఆరంభించాలని నియమం పెట్టుకున్నారు.

ఆ నియమం ఒకసారి అమలు కాలేదు. 2004 సెప్టెంబరు 14న రేడియో వ్యవస్థ మూగబోయింది. ప్రత్యామ్నాయంగా ఉంచిన రెండవ వ్యవస్థ కూడా వెంటనే విఫలమైంది. సుమారు 400 విమానాలతో మాట సంబంధం తెగిపోయింది. మూడు గంటలకు పైగా ఆ స్థితి కొనసాగింది. నియంత్రణాధికారులకు రాడార్ తెరపై విమానాలు కనబడుతున్నాయి. హెచ్చరించే మార్గమే లేదు. కనీసం ఐదు సందర్భాలలో విమానాలు ఉండవలసిన దూరం కన్నా దగ్గరగా వచ్చాయి. అదృష్టవశాత్తు ఏవీ ఢీకొనలేదు.

ఈ సంఘటనలో తెలియని దోషం ఏదీ లేదు. దోషం తెలుసు, గడువు తెలుసు, ఉపాయం తెలుసు. ఆ ఉపాయం మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉండడమే లోపం. ఒక ఉద్యోగి సెలవు పెట్టవచ్చు, బదిలీ కావచ్చు, అలసిపోయి మరచిపోవచ్చు. యంత్రంలోని బలహీనతను తీసి మనిషి భుజాల మీద పెట్టినప్పుడు, ఆ మనిషి ఒక్కనాడు కూడా పొరబడడని నమ్మడం వివేకం కాదు. మరచినవారిని దండించినంత మాత్రాన దోషం పోదు. గణకం మళ్ళీ సున్నా నుండి మొదలై 49.7 రోజుల వైపు సాగుతూనే ఉంటుంది.

చెప్పని సంఖ్య

ఉపాయాన్ని మరవడం ఒక ప్రమాదమైతే, దానిని అస్పష్టంగా చెప్పడం మరొక ప్రమాదం. 1991లో గల్ఫ్ యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా సైన్యం సౌదీ అరేబియాలోని ధహ్రాన్ వద్ద పేట్రియాట్ క్షిపణులను మోహరించింది. శత్రువు ప్రయోగించే స్కడ్ క్షిపణులను గుర్తించి ఆకాశంలోనే కూల్చడం వాటి పని. ఆ వ్యవస్థను నడిపే కంప్యూటరు కాలాన్ని సెకనులో పదోవంతు చొప్పున లెక్కించేది. మూడింట ఒక వంతును దశాంశాలలో వ్రాస్తే 0.333 అంటూ ఎంతకూ తెగనట్లే, పదోవంతు కూడా 0, 1 అంకెలతో వ్రాసేటప్పుడు తెగదు. 24 బిట్ల చోటు దాటిన భాగాన్ని కంప్యూటరు విడిచిపెట్టేది. విడిచిన భాగం అతి స్వల్పం. కాని అది గంటగంటకూ పోగయ్యేది. 100 గంటలు నిర్విరామంగా నడిస్తే ఆ తేడా సెకనులో మూడోవంతుకు చేరేది. అంత సమయంలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది.

ఎనిమిది గంటలు నడిచేసరికే గురి తప్పడం మొదలవుతున్నదని ఇజ్రాయెల్ సైన్యం ముందుగా గమనించి, ఫిబ్రవరి 11న అమెరికాకు తెలిపింది. వ్యవస్థను ఆపి తిరిగి ఆరంభిస్తే తేడా పోతుంది. నిపుణులు శాశ్వత సవరణకు పూనుకున్నారు. ఈలోగా ఫిబ్రవరి 21న పేట్రియాట్ దళాలకు ఒక సందేశం వెళ్ళింది. వ్యవస్థను చాలా ఎక్కువసేపు నడిపితే గురి పక్కకు జరగవచ్చని అందులో హెచ్చరించారు. చాలా ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో చెప్పలేదు. ఎనిమిది గంటలా, ఎనభై గంటలా అన్నది వినేవారి ఊహకు విడిచిపెట్టారు.

ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లోని పేట్రియాట్ వ్యవస్థ 100 గంటలకు పైగా ఆగకుండా నడుస్తూ ఉంది. వచ్చిన స్కడ్ క్షిపణి కోసం అది ఆకాశంలో తప్పు చోట వెదికింది. క్షిపణి సైనికుల బస మీద పడింది. 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. సవరించిన ప్రోగ్రాము ధహ్రాన్‌కు చేరినది ఆ మరునాడు, ఫిబ్రవరి 26న. చికిత్స ఒక్క రోజు ఆలస్యమైంది. ఉపాయం నాలుగు రోజుల ముందే చేరింది కాని, అందులో ఉండవలసిన ఒక్క సంఖ్య లేదు.

స్పష్టమైన ఆదేశం

హెచ్చరిక ఎలా ఉండాలో తెలిపే ఉదాహరణ 2015లో కనబడుతుంది. బోయింగ్ 787 విమానంలో విద్యుత్తును ఉత్పత్తి చేసే జనరేటర్లను అదుపుచేసే పరికరాలున్నాయి. వాటిలోని గణకం విరామం లేకుండా 248 రోజులు నడిస్తే నిండిపోతుందని ప్రయోగశాలలో తేలింది. అన్ని పరికరాలూ ఒకేసారి ఆన్ అయి ఉంటే, అన్నీ ఒకేసారి విఫలమై విమానంలోని ఏసీ విద్యుత్తు మొత్తం నిలిచిపోవచ్చు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వెంటనే ఆదేశం జారీ చేసింది. 120 రోజులు దాటకుండా విద్యుత్తును పూర్తిగా ఆపి తిరిగి ఆరంభించాలన్నది దాని సారాంశం.

ఈ ఆదేశంలోని జాగ్రత్త గమనింపదగినది. ప్రమాదపు గడువు 248 రోజులైతే, విధించిన గడువు అందులో సగం కన్నా తక్కువ. ఒకసారి మరచినా మరొక అవకాశం మిగులుతుంది. కారణం చెప్పారు, సంఖ్య చెప్పారు, చేయవలసిన పని చెప్పారు. పాటించడం ఐచ్ఛికం కాదనీ చెప్పారు. మట్టిబాట మలుపులో ఎర్ర దీపం పెట్టడమంటే ఇదే.

ఉపాయం నుండి పరిష్కారానికి

తాత్కాలికోపాయం పరిష్కారానికి సోపానమైనప్పుడే సార్థకమవుతుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక 1997 జూలై 4న అంగారక గ్రహం మీద దిగింది. అందులోని కంప్యూటరు వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసేది. కొద్ది రోజులకే ఆ కంప్యూటరు ఉన్నట్టుండి తనను తాను ఆపుకొని తిరిగి ఆరంభించుకోవడం మొదలైంది. అలా జరిగినప్పుడల్లా ఆనాటి మిగిలిన పని మరునాటికి వాయిదా పడేది.

దీని కారణాన్ని ఒక ఆఫీసు ఉదాహరణతో గ్రహించవచ్చు. రికార్డు గదికి ఒకే తాళంచెవి ఉంది. దానిని తీసుకొని అటెండరు లోపల ఫైళ్ళు సర్దుతున్నాడు. అత్యవసరంగా ఆ గది కావలసిన పై అధికారి అతడు బయటకు రావాలని వేచి ఉన్నాడు. ఇంతలో గుమస్తాలు వచ్చి అటెండరుకు వేరే పనులు పురమాయిస్తున్నారు. అతడు వాటితో సతమతమవుతూ తాళంచెవిని విడువలేడు. గుమస్తాల పనులు సాగుతున్నాయి; అందరికన్నా పైవాడైన అధికారి పని మాత్రం ఆగిపోయింది. నౌకలో వాతావరణ వివరాలు సేకరించే పని అటెండరు వంటిది. సమాచార మార్గాన్ని నిర్వహించే పని పై అధికారి వంటిది. మధ్యస్థాయి పనులు గుమస్తాల వంటివి. ముఖ్యమైన పని గడువులోగా పూర్తికాకపోవడం చూసి, ఏదో విపరీతం జరిగిందని గ్రహించి కంప్యూటరు తనను తాను పునఃప్రారంభించుకునేది.

ఈ పునఃప్రారంభం ముందుగా అమర్చిన రక్షణోపాయం. నౌకను అది కాపాడింది. అయినా ఇంజనీర్లు దానితో తృప్తి పడలేదు. భూమి మీద ఉన్న నమూనా యంత్రంలో అదే పరిస్థితిని కల్పించి, దోషాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించి కారణాన్ని పట్టుకున్నారు. పై అధికారి వేచి ఉన్నంతసేపు తాళంచెవి ఉన్న అటెండరుకు కూడా అధికారితో సమానమైన ప్రాధాన్యం ఇవ్వడమే దానికి విరుగుడు. ఆ సౌకర్యం వీఎక్స్‌వర్క్స్‌లో ముందే ఉంది. దానిని ఆన్ చేయలేదంతే. కోట్ల కిలోమీటర్ల దూరం నుండి సందేశం పంపి ఆ మార్పు చేశారు. ఆ తరువాత ఆ సమస్య మళ్ళీ రాలేదు.

రానున్న గడువు

గణకం నిండే దోషాలలో మరొకటి భవిష్యత్తులో ఉంది. యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లను లెక్కిస్తూ కాలాన్ని గుర్తిస్తాయి. పాత వ్యవస్థలలో ఈ లెక్కకు 32 బిట్లు కేటాయించారు. వాటిలో ఒకటి ధన, రుణ సంకేతానికి పోగా 31 మిగిలాయి. భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ చోటు నిండుతుంది. మరుక్షణం అటువంటి యంత్రం తాను 1901 డిసెంబరులో ఉన్నానని భ్రమపడుతుంది. 64 బిట్ల లెక్కకు మారడమే దీనికి శాశ్వత పరిష్కారం. అప్పుడు గడువు సుమారు 29,200 కోట్ల సంవత్సరాలకు జరుగుతుంది. లినక్స్ 2020లో విడుదలైన ప్రతి నుండి 32 బిట్ల యంత్రాలకు కూడా ఈ సౌకర్యాన్ని కల్పించింది. అయితే ఏనాడో బిగించి, ఆపై ఎవరూ పట్టించుకోని చిన్న పరికరాలను వెదికి మార్చడం సులభం కాదు.

ఇటువంటి గడువును ప్రపంచం ఒకసారి దాటింది. సంవత్సరాన్ని రెండు అంకెలతోనే వ్రాసే అలవాటు వల్ల 2000 సంవత్సరాన్ని కంప్యూటర్లు 1900గా పొరబడే ప్రమాదం ఏర్పడింది. 1990ల చివరి సంవత్సరాలలో ఆ సవరణ పనుల కోసం హైదరాబాదు నుండి, ఇతర తెలుగు ప్రాంతాల నుండి ఎందరో యువకులు, యువతులు అమెరికాకు వెళ్ళారు. కొన్ని చోట్ల సంవత్సరాన్ని నాలుగు అంకెలకు పెంచి శాశ్వతంగా సరిదిద్దారు. వ్యవధి చాలని చోట్ల ఒక హద్దు పెట్టుకొని, ఆ హద్దుకు తక్కువైన అంకెలను 2000ల తరువాతవిగా, ఎక్కువైనవాటిని 1900ల తరువాతవిగా గ్రహించే ఏర్పాటు చేశారు. రెండవది మట్టిబాటే. ఆ హద్దు చేరినప్పుడు దోషం మళ్ళీ తలెత్తుతుంది. దానిని ఎక్కడ, ఏ హద్దుతో వాడారో వ్రాసి ఉంచినవారికి అది చిన్న పని. వ్రాసి ఉంచనివారికి అది పెద్ద అన్వేషణ.

తాళపత్ర గ్రంథాలకు నకలు వ్రాసిన లేఖకులు మూలంలో శిథిలమైన చోట ఖాళీ విడిచిపెట్టేవారు. ప్రతి చివర, తప్పులుంటే మన్నించవలసిందని విన్నవించుకునేవారు. ఖాళీని తమ ఊహతో పూరించి దాచిపెట్టినవారి కన్నా, ఖాళీని ఖాళీగానే చూపినవారి వల్ల తరువాతి పరిష్కర్తలకు మేలు కలిగింది. కంప్యూటరు నిపుణుల కర్తవ్యమూ అటువంటిదే. దోషాన్ని దాచకూడదు. ఉపాయాన్ని సంఖ్యతో, కారణంతో సహా చెప్పాలి. దానిని పాటించే భారం ఒక్క మనిషి జ్ఞాపకానికి విడువకూడదు. పరిష్కారం వచ్చేవరకే దానిని ఉపాయంగా ఎంచాలి. పామ్‌డేల్‌లో లోపించినది మూడవది. ధహ్రాన్‌లో లోపించినది రెండవది. రెండుచోట్లా దోషం మాత్రం ముందే తెలుసు.

అర్థాలు

ములుకు = బాణపు మొన, పదునైన కొస
పరిహరించు = తొలగించు
గణకం = లెక్కించే సాధనం
గగనతలం = ఆకాశ ప్రదేశం
మోహరించు = యుద్ధానికి బారులు తీర్చు
సోపానం = మెట్టు
ఐచ్ఛికం = ఇష్టాన్ని బట్టి చేసేది

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పామ్‌డేల్, ధహ్రాన్ సంఘటనలను పోల్చి, తాత్కాలికోపాయం విఫలం కావడానికి గల కారణాలను వివరించండి.
2. మార్స్ పాత్‌ఫైండర్‌లో తలెత్తిన సమస్యను ఆఫీసు ఉదాహరణ సహాయంతో వివరించి, ఇంజనీర్లు దానిని పరిష్కరించిన తీరును తెలపండి.

II. లఘు సమాధాన ప్రశ్నలు
1. నిత్యదోషం, అనిత్యదోషం అనే విభజన రన్‌టైమ్ దోషాలకు ఎలా అన్వయిస్తుంది?
2. బోయింగ్ 787 విషయంలో విధించిన గడువు 248 రోజులు కాక 120 రోజులు కావడంలోని ఔచిత్యం ఏమిటి?
3. విండోస్ 95లోని దోషం చాలాకాలం బయటపడకపోవడానికి కారణం ఏమిటి?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ఉపాయం నాలుగు రోజుల ముందే చేరింది కాని, అందులో ఉండవలసిన ఒక్క సంఖ్య లేదు.
2. ఎవరూ చెప్పకుండానే అందరూ తాత్కాలికోపాయాన్ని పాటించారన్నమాట.

IV. ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ప్రతాపరుద్రీయ కర్త ఎవరు?
2. యూనిక్స్ సంప్రదాయంలో కాలగణన ఏ తేదీ నుండి ఆరంభమవుతుంది?
3. మార్స్ పాత్‌ఫైండర్‌లో వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ ఏది?

V. ఈ పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి
తాత్కాలికోపాయం, అత్యవసరం, పరుషాక్షరం, నియంత్రణాధికారి